1768లో పోయిన సముద్రపు ఆవు, పాక్ అఖాతంలో ఉన్న సముద్రపు ఆవు: ఒకే ఇంటివి, వేరువేరు జీవులు

మిర్యాలగూడలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక విద్యార్థిని మూడు ప్రశ్నలు అడిగారు. ఆమె దగ్గరున్న ఒక పుస్తకంలో సముద్రపు ఆవు 1768లో అంతరించిపోయిందని ఉంది. మరో పుస్తకంలో సముద్రపు ఆవుల కోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో రక్షిత ప్రాంతాన్ని ప్రకటించిందని ఉంది. ఈ రెండింటిలో ఏది నిజం? ఈ జంతువుకూ మన ఇంటి ఆవుకూ చుట్టరికం ఉందా? డ్యూగాంగ్ కుటుంబంలో ఇప్పుడు ఒక్క జాతే మిగిలిందంటే తక్కినవి ఏమయ్యాయి? నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. సముద్రానికి ఇంత దూరంలో ఉన్నా నేను చదవడం మానని జంతువు ఇది. అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది.

అమ్మా, మీ రెండు పుస్తకాలూ నిజమే చెబుతున్నాయి. చిక్కంతా పేరులో ఉంది. సముద్రపు ఆవు అన్నది ఒక జాతి పేరు కాదు. నీళ్లలోనే పుట్టి, నీళ్లలోనే మేసి, నీళ్లలోనే పిల్లకు పాలిచ్చే ఒక శాకాహార క్షీరదాల వర్గానికంతటికీ వాడుకలో ఉన్న పేరు. ఆ వర్గాన్ని శాస్త్రంలో సైరీనియా క్రమం అంటారు. దానిలో ఇప్పుడు బతికి ఉన్నవి రెండు కుటుంబాలు. అమెరికా ఖండాల తూర్పు తీరాల్లో, అమెజాన్ నదిలో, పశ్చిమ ఆఫ్రికాలో ఉండే మానటీలది ఒకటి. అందులో మూడు జాతులున్నాయి. రెండోది డ్యూగాంగ్‌ల కుటుంబం. ఇందులో చరిత్రకాలం దాకా వచ్చినవి రెండే జాతులు: హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని తీరాల్లో ఇప్పటికీ ఉన్న డ్యూగాంగ్, ఉత్తర పసిఫిక్ చలినీళ్లలో బతికి 1768 నాటికి మాయమైన స్టెల్లర్ సముద్రపు ఆవు. తమిళనాడుకూ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ అఖాతంలోది మొదటిది, మీ తొలి పుస్తకం చెప్పింది రెండోదాని గురించి. పరీక్షలో ఈ పేర్లు విడివిడిగా రాస్తే తప్పు పోదు.

స్టెల్లర్ సముద్రపు ఆవు సంగతి ఒక్క వాక్యంలో దాటేయడానికి నాకు మనసు ఒప్పదు. 1741 నవంబరులో వైటస్ బేరింగ్ నాయకత్వంలోని రష్యా ఓడ సెయింట్ పీటర్, అలాస్కా తీరం చూసి తిరిగి వస్తూ, కామ్చాట్కాకు తూర్పున మనుషులు లేని ఒక దీవి ఒడ్డున చిక్కుకుపోయింది. బేరింగ్ డిసెంబరులో అక్కడే చనిపోయాడు. ఆ దీవికి తర్వాత ఆయన పేరే పెట్టారు. ఆ ఓడలో వైద్యుడిగా, ప్రకృతి పరిశీలకుడిగా వెళ్లిన జర్మన్ యువకుడు గియోర్గ్ స్టెల్లర్, తీరం వెంట నాచు మేస్తున్న భారీ జంతువుల మందలను చూశాడు. వీపులు నీటిపైన తేలుతుంటే, తల ముంచి, మన చెరువులో బర్రెలు కదిలినట్టే నెమ్మదిగా ముందుకు కదులుతూ అవి మేసేవి. ఆయన కొలిచిన ఒక ఆడ జంతువు ఏడున్నర మీటర్ల పొడవుంది. ఎదిగిన జంతువు బరువు 8 నుంచి 10 టన్నులు ఉండేదని అంచనా. నోటిలో ఒక్క పన్ను లేదు. పళ్ల స్థానంలో గరుకైన పలకలు ఉండేవి, వాటి మధ్య నాచును నలిపి తినేది. ముందు రెక్కల్లో వేలి ఎముకలు కూడా లేవు. చర్మం ముసలి చెట్టు బెరడులా మందంగా, ముడతలు పడి ఉండేది. బతికి ఉన్న ఈ జంతువును చూసి వర్ణన రాసిన ప్రకృతి శాస్త్రవేత్త ఆయన ఒక్కడే. 1746లో ఆయన మరణించాక, 1751లో ఆ వర్ణన అచ్చయింది.

ఆయన రాసిన వాటిలో నేను క్లాసులో ప్రతి ఏడూ చెప్పిన సంగతి ఒకటుంది. ఒక ఆడ జంతువును చంపి ఒడ్డుకు లాగితే, దాని జత మగది మరునాడూ, ఆ పై రోజూ ఒడ్డు దగ్గరికి వచ్చి నిలబడి చూసిందట. గాయపడిన దానికి తోడున్నవి తాళ్లను తెంచడానికి ప్రయత్నించేవని కూడా రాశాడు. మనిషి నుంచి పారిపోవాలన్న భయం వాటికి తెలియదు. నీటిలో పూర్తిగా మునగలేని శరీరం, ఒడ్డు వదలని మేత, పైగా ఈ నమ్మకం: వేటగాడికి ఇంతకన్నా సులువైన జంతువు ఉండదు. 1742లో బతికిన 46 మంది ఈ మాంసం తిని బలం పుంజుకుని, విరిగిన ఓడ చెక్కలతోనే చిన్న ఓడ కట్టుకుని కామ్చాట్కా చేరారు. వాళ్లు వెంట తెచ్చిన సముద్రపు నీటికుక్కల ఉన్ని తోళ్లను చూసిన వ్యాపారులు ఆ దీవుల దారి పట్టారు. చలికాలమంతా దీవిలో గడిపే వేటగాళ్లకు సముద్రపు ఆవే ఆహారమైంది. ఈటె తగిలిన జంతువుల్లో చాలావరకు తప్పించుకుని సముద్రంలోకి పోయి చనిపోయేవి, కాబట్టి తిన్నదానికన్నా వృథా అయిందే ఎక్కువ. శాస్త్రం చూసిన ఇరవై ఏడో ఏటికి, అంటే 1768కి, ఆ జాతి లేదు.

అయితే వేట ఒక్కటే కారణమా అన్న చర్చ ఉంది, అది మీకూ తెలియాలి. నీటికుక్కలు ముళ్ల సముద్రపు అర్చిన్‌లను తింటాయి, అర్చిన్‌లు కెల్ప్ అనే పెద్ద నాచును తింటాయి. తోళ్ల కోసం నీటికుక్కలను ఊడ్చేస్తే అర్చిన్‌లు పెరిగి నాచు అడవిని కొరికేస్తాయి, అప్పుడు నాచు మీదే బతికే ఆవుకు మేత పోతుంది. ఇది కొందరు పరిశోధకుల వాదన. అదీగాక స్టెల్లర్ చూసేనాటికే అది క్షీణించిన జాతి. ఒకప్పుడు జపాన్ వైపు నుంచి కాలిఫోర్నియా దాకా ఉన్న వంశానికి అప్పుడు రెండు చిన్న దీవుల చుట్టూ కొన్ని వందలో, మహా అయితే వెయ్యీ రెండు వేలో మిగిలి ఉండవచ్చు. మేత దెబ్బతిన్న చోట వేట వచ్చి పడింది. ఈ రెండూ కలిసి రావడమే ఈ కుటుంబ కథలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, అందుకే ఇంతసేపు ఇక్కడ ఆగాను.

ఇక చుట్టరికం. ఆవుకూ దీనికీ దగ్గరి సంబంధం ఏమీ లేదు. ఆవు, మేక, జింక, పంది, నీటిగుర్రం సరిసంఖ్య డెక్కల వర్గానికి చెందుతాయి, తిమింగలాలు కూడా ఆ వర్గం నుంచే పుట్టాయి. కాబట్టి సముద్రంలో ఆవుకు బంధువు కావాలంటే తిమింగలాన్నే చూపించాలి. డ్యూగాంగ్ బంధువు ఏనుగు. ఆఫ్రికా రాళ్లలో ఉండే కుందేలంత హైరాక్స్ కూడా ఆ బలగంలోదే. డీఎన్ఏ పరీక్షలు ఈ మాటను గట్టిపరిచాయి గాని, అంతకుముందే శరీర నిర్మాణం చెప్పింది. ఏనుగుకు పొదుగు వెనక కాళ్ల మధ్య కాదు, ముందు కాళ్ల మధ్య రొమ్మున ఉంటుంది. డ్యూగాంగ్‌కు పాల చన్నులు రెండూ ముందు రెక్కల చంకల దగ్గర ఉంటాయి. ఏనుగు దంతం కోరపన్ను కాదు, పెరిగిన కుంతకం, అంటే ముందు పన్ను. మగ డ్యూగాంగ్‌కు యవ్వనంలో పైకి వచ్చే చిన్న దంతాలు కూడా కుంతకాలే. అమెజాన్ జాతికి తప్ప మిగతా మానటీలకు రెక్క అంచున ఏనుగు పాదానికి ఉన్నట్టే గోళ్లుంటాయి. డ్యూగాంగ్‌కు అవి లేవు. డ్యూగాంగ్ తోక డాల్ఫిన్ తోకలా రెండుగా చీలి ఉంటుంది, మానటీది గుండ్రటి తెడ్డులా ఉంటుంది. ఈ రెండు కుటుంబాలను దూరం నుంచే వేరుచేసే గుర్తు ఈ తోకే. ఆవులా ఇది నెమరు కూడా వేయదు; గుర్రంలా పెద్దపేగులోనే గడ్డిని పులియబెట్టి జీర్ణం చేసుకుంటుంది.

ఈ జంతువు ఎముకల గురించి చెప్పేటప్పుడు మా జిల్లా విద్యార్థులకు నేను ఒక పోలిక చెప్పేవాడిని, చాలా బాధతోనే చెప్పేవాడిని. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు గట్టిపడి, వెన్ను వంగిపోయిన మనుషుల మధ్య మేము పెరిగాం. ఎముక సాంద్రత పెరగడమంటే మాకు రోగం. డ్యూగాంగ్‌కు అదే పుట్టుకతో వచ్చిన వరం. దాని పక్కటెముకను అడ్డంగా కోస్తే మధ్యలో మజ్జ గది కనిపించదు, మొదలు నుంచి చివర దాకా రాయిలా నిండిన ఎముక ఉంటుంది. గాలి నిండిన ఊపిరితిత్తులు శరీరాన్ని పైకి లేపుతుంటే, నిస్సారమైన గడ్డి కోసం గంటల తరబడి అడుగునే ఉండాల్సిన జంతువుకు ఈ బరువు లంగరులా పని చేస్తుంది. ఈ ఎముకలు అంత గట్టివి కాబట్టే కోట్ల ఏళ్లు నేలలో నిలిచాయి. శిలాజాలు వెతికేవారికి ఈ కుటుంబానివి ఎక్కువగా దొరికేవి పక్కటెముకల ముక్కలే.

మూడో ప్రశ్నకు జవాబు పుర్రెలో ఉంది. ఒక ప్రదర్శనశాలలో డ్యూగాంగ్ పుర్రెను చేతిలోకి తీసుకుని చూసే అవకాశం నాకు వచ్చింది. పక్క నుంచి చూస్తే పై దవడ ముందుభాగం ఏనుగు తొండం మొదలులా నిట్టనిలువుగా కిందికి వంగి ఉంటుంది. బతికి ఉన్నప్పుడు దాని మీద గుర్రపు లాడం ఆకారంలో కండగల మూతి, దానికి గట్టి మీసాల్లాంటి వెంట్రుకలు ఉంటాయి. ఈ వంపు ఉన్న జంతువు నీటిపై తేలే మొక్కలను తినలేదు, అడుగున పెరిగే గడ్డినే తినాలి. మానటీకి వంపు తక్కువ, అందుకే అది నదిలో తేలే ఆకునూ, ఒడ్డున వేలాడే కొమ్మనూ అందుకోగలదు. డ్యూగాంగ్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని బతుకు సముద్రపు గడ్డితో ముడిపడి ఉంది. సముద్రపు గడ్డి నాచు కాదన్న సంగతి కూడా రాసిపెట్టుకోండి. వేరు, ఆకు, పువ్వు, కాయ ఉన్న పూల మొక్క అది. మన చేను గట్టున గరిక పాకినట్టు, మట్టి కింద కొమ్ములు (నేల లోపలి కాండాలు) పంపి విస్తరిస్తుంది. పిండి పదార్థమంతా ఆ కొమ్ముల్లో ఉంటుంది కాబట్టి డ్యూగాంగ్ పై ఆకు కొరికి వదలదు, వేరుతో సహా పెకిలిస్తుంది. రోజుకు 30 నుంచి 40 కిలోల దాకా తింటుంది.

ఇప్పుడు వంశ చరిత్ర చూడండి. దాదాపు 5 కోట్ల సంవత్సరాల క్రితం జమైకాలో పెజోసైరెన్ అనే జంతువు ఉండేది. పంది అంత శరీరం, నేల మీద నడవగల నాలుగు కాళ్లు, కానీ ఎముకలు అప్పటికే బరువెక్కి ఉన్నాయి. దాని శిలాజాన్ని 2001లో డారిల్ డొమ్నింగ్ ప్రపంచానికి పరిచయం చేశారు. అది డ్యూగాంగ్ కుటుంబానిది కాదు, సైరీనియా క్రమానికే ముత్తాత లాంటిది. ఆ తర్వాత ఈజిప్టు తీరంలో ఈయోథీరాయిడిస్, ఐరోపాలో హాలిథీరియం, ఆ పై మెటాక్సీథీరియం వచ్చాయి. మెటాక్సీథీరియం ఐరోపా, ఆఫ్రికా, అమెరికా తీరాలన్నింటా దొరుకుతుంది. ఉత్తర పసిఫిక్ వైపు వెళ్లిన శాఖలో డుసిసైరెన్ తర్వాత హైడ్రోడామాలిస్ వచ్చింది. దంతాలు పోగొట్టుకుంటూ, శరీరం పెంచుకుంటూ, గడ్డి వదిలి చలినీటి నాచుకు మళ్లిన ఈ శాఖలో చివరిది స్టెల్లర్ చూసిన ఆవు. ఈ పాత ప్రజాతులన్నింటినీ (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) ఒకే కుటుంబంలో ఉంచాలా, వేరువేరుగా చీల్చాలా అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకుంటున్న విషయం. పరీక్షకు మాత్రం సంప్రదాయ వర్గీకరణే చాలు.

నన్ను అన్నింటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచిన అధ్యాయం మన దేశంలోదే. గుజరాత్‌లోని కచ్ఛ్ ప్రాంతంలో, సుమారు 2 కోట్ల సంవత్సరాల నాటి రాతి పొరల్లో, సునీల్ బాజ్‌పాయ్, డొమ్నింగ్ వంటి పరిశోధకులు మూడు వేరువేరు ప్రజాతుల డ్యూగాంగ్ బంధువులను గుర్తించారు: భారతిసైరెన్, కచ్చిసైరెన్, డొమ్నింజియా. మూడూ ఒకే కాలంలో, ఒకే సముద్రంలో కలిసి మేశాయి. ఒకే మేత మీద మూడు జంతువులు కొట్టుకోకుండా ఎలా బతికాయి? 2012లో వెలువడిన ఒక అధ్యయనం కచ్ఛ్‌తో పాటు అమెరికాలోని ఫ్లోరిడా, మెక్సికో శిలాజాలను కూడా పోల్చి దీనికి సమాధానం వెతికింది. శరీరం పరిమాణం, మూతి వంపు, దంతాల పరిమాణం ఒక్కొక్కదానికి ఒక్కోలా ఉన్నాయి. పెద్ద కత్తి లాంటి దంతమున్నది లోతులో మందంగా ఉన్న కొమ్ములను తవ్వి తిన్నది, చిన్న దంతమున్నది మెత్తని చిన్న గడ్డిని తిన్నది. ఒకే పొలంలో ఒకరు కలుపు తీస్తే ఇంకొకరు పల్లికాయ తవ్వినట్టు వాటి వాటాలు వేరు. సముద్రపు గడ్డిలో ఎన్ని రకాలు సమృద్ధిగా ఉంటే అన్ని రకాల ఆవులకు చోటుండేది. ఒకే తీరంలో ఒక్క జాతే మేయడం ఇప్పుడు మనకు సహజంగా కనిపిస్తోంది కానీ, ఈ కుటుంబ చరిత్రలో ఎక్కువ కాలం అలా లేదు.

తక్కినవి ఏమయ్యాయన్న మీ ప్రశ్నకు ఒక్క ప్రమాదాన్ని చూపించలేను. గత 50 లక్షల సంవత్సరాల్లో సముద్రాలు చల్లబడ్డాయి, రెండు అమెరికాల మధ్య భూమి కలిసి ప్రవాహాలు మారాయి. మధ్యధరా సముద్రంలో మెటాక్సీథీరియం చివరి జాతి దాదాపు 30 లక్షల ఏళ్ల క్రితం అంతరించింది. కరీబియన్‌లో డ్యూగాంగ్‌లు పోయి మానటీలు నిలిచాయి. చలి నుంచి తప్పించుకున్న హిందూ, పశ్చిమ పసిఫిక్ ఉష్ణ తీరాల్లో ఒక్క డ్యూగాంగ్ మిగిలింది.

ఆ ఒక్కటి ఇప్పుడు ఎలా ఉందంటే, ఆస్ట్రేలియా ఉత్తర తీరాల్లో బాగా ఉంది, అరేబియా సింధుశాఖలో కొన్ని వేలున్నాయి, చైనా తీరంలో ఇక జాతిగా నిలిచే స్థితి లేదని 2022లో పరిశోధకులు ప్రకటించారు. మన దేశంలో మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ఛ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్ దీవుల్లో మాత్రమే ఉంది, మొత్తం కొద్ది వందలకు మించదు. మూడు ప్రజాతులు మేసిన కచ్ఛ్‌లో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీన్ని ఒకటో షెడ్యూలులో చేర్చారు. అండమాన్ నికోబార్ దీవులకు ఇది అధికారిక జంతువు. తమిళనాడు 2022 సెప్టెంబరులో తంజావూరు, పుదుక్కోట్టై తీరాల్లో 448 చదరపు కిలోమీటర్లను డ్యూగాంగ్ సంరక్షణ ప్రాంతంగా నోటిఫై చేసింది. మీ రెండో పుస్తకంలో ఉన్నది ఇదే. అక్కడి మత్స్యకారులు దీన్ని కడల్ పసు అంటారు. వలలో పడినదాన్ని వల కోసి వదిలిన వారిని అటవీ శాఖ గౌరవించి, నగదు ప్రోత్సాహకం కూడా ఇస్తోంది. ఒక వల ఖరీదు చేపలు పట్టేవారి ఇంట్లో ఎంత పెద్ద మాటో తెలిసినవారు ఈ పని విలువను తక్కువగా చూడరు.

వేట ఆగితే చాలు పెరుగుతాయి కదా అని విద్యార్థులు అడుగుతారు. పెరుగుదల లెక్క చూద్దాం. మన బర్రె నాలుగేళ్లకు ఈనుతుంది, పది నెలలు మోస్తుంది, ఏడాదిన్నరకు మళ్లీ ఈనుతుంది. డ్యూగాంగ్ ఆడది తొలిసారి ఈనేసరికి తక్కువలో తక్కువ ఆరేళ్లు, మేత సరిగా లేని చోట పదిహేడేళ్లు కూడా పడుతుంది. 13 నుంచి 15 నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది, ఏడాదిన్నర పాలిస్తుంది, తర్వాతి పిల్లకు మూడు నుంచి ఏడేళ్లు పడుతుంది. డెబ్బై ఏళ్లు బతుకుతుంది నిజమే (దంతాన్ని కోసి పొరలు లెక్కపెట్టి ఈ వయసు తెలుసుకున్నారు), కానీ అన్నీ అనుకూలించినా ఒక మంద ఏడాదికి వందకు ఐదుకు మించి పెరగదు. వంద జంతువులున్న చోట వలల్లో పడి ఏటా ఐదు చనిపోతే పెరుగుదల సున్నా, ఆరు చనిపోతే మంద కరగడం మొదలవుతుంది. ఊపిరి కోసం కొన్ని నిమిషాలకోసారి పైకి రావలసిన జంతువుకు వలలో చిక్కడమంటే మునిగి చనిపోవడమే.

మేత పోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని హార్వే అఖాతం చూపించింది. 1992 మొదట్లో రెండు పెద్ద వరదలు, ఒక తుపాను వరుసగా వచ్చాయి. వానాకాలంలో మన డిండి వాగు ఎర్రగా పొంగినట్టు మట్టినీళ్లు సముద్రం మీద కమ్ముకుని, వెలుతురు అందక వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రపు గడ్డి చచ్చిపోయింది. డ్యూగాంగ్‌లు వరదల్లో చనిపోలేదు. ఆరు నుంచి ఎనిమిది నెలలు గడిచాక ఎముకల గూళ్లై ఒడ్డుకు కొట్టుకురావడం మొదలైంది. కొన్ని మేత వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు వెళ్లాయి, బతికినవి ఈనడం తగ్గించాయి. ఒక్క ఈటె, ఒక్క వల లేకుండానే ఆ అఖాతంలో మంద చిక్కిపోయింది. అందుకే పాక్ అఖాతంలో అడుగును గీకే ట్రాలర్లను గడ్డి మైదానాల నుంచి దూరంగా ఉంచడం, వలల నియంత్రణ, ఈ రెండూ ఒకేసారి జరగాలని నేను గట్టిగా నమ్ముతాను.

దీన్ని ఎక్కడ చూడవచ్చని మీరు అడగలేదు గాని, అడగాలనుకునే ఉంటారు. జంతువు కనబడడం అరుదు. ఉద్యోగంలో ఉండగా ఎల్‌టీసీ మీద అండమాన్ వెళ్లినప్పుడు, శ్రీకాకుళం నుంచి తాతల నాడు వచ్చి స్థిరపడిన ఒక పడవ నడిపేవారు, నేను దీని గురించే అడుగుతున్నానని గ్రహించి, ఆటు సమయంలో ఒక దీవి ఒడ్డుకు తీసుకెళ్లారు. మోకాలి లోతు నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున చిన్న చిన్న గుండ్రటి ఆకుల పచ్చిక పరుచుకుని ఉంది. ఆ పచ్చికలో అక్కడక్కడా మెలికలు తిరిగిన తెల్లటి ఇసుక చారలు, పాలమూరు ఎర్ర చేనులో కొత్త సాలు పడినట్టు ఒకదాన్నొకటి దాటుతూ పోతున్నాయి. వంగి జానతో కొలిచాను. వెడల్పు ఒక జానెడు, మూతి వెడల్పే అది. ఒక సాలు అంచులు పదునుగా, ఇసుక వదులుగా ఉంది, రాత్రి పోటులో మేసి ఉండాలి. పక్కనున్న పాత సాలులో మాత్రం కొమ్ములు అంచుల నుంచి మళ్లీ పాకి, వేలి గోరంత కొత్త ఆకులు వేశాయి.